కొత్త కోడిని పొడవడం సహజమేనా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు "విద్య ప్రాముఖ్యత" అనో, "క్రమశిక్షణ" అనో ఒకటి రాద్దామనే కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాసి కొట్టేశాను. ప్రతి ఏడూ అవే వస్తాయి. వాటిని చదివేవాళ్ళకంటే రాసేవాళ్ళే ఎక్కువ. అందుకని నాకు బాగా తెలిసిన సంగతి రాస్తున్నాను. నాకు బాగా తెలిసినవి కోళ్ళు. నవ్వకండి. ఇప్పుడు ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతున్నాను గానీ కోళ్ళ గురించి పుస్తకాల్లో చదవకముందే మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కడినే. మా అమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. కానీ ఏ పెట్ట ఎప్పుడు గుడ్డుకు వస్తుందో, ఏ పుంజు మనిషి మీదికి ఎగురుతుందో దాన్ని చూసి ముందే చెబుతుంది.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. పోయిన జూలైలో హాస్టల్‌కి వచ్చినప్పుడు కొత్తగా చేరిన ఒక చిన్నపిల్లాడు కొళాయి దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. ఎవరో వాడి బకెట్ లాక్కున్నారు. పక్కనే ఉన్న ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది: "కొత్త కోడిని మందలో వదిలితే మిగతావి పొడవకుండా ఉంటాయా బాబూ? అది ప్రకృతి. నాలుగు రోజులైతే వాడే సర్దుకుంటాడు." ఆయన చెడ్డవాడు కాదు. మన పిల్లల మీద ప్రేమ ఉన్నవాడే. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసులో కుదురు లేదు. ఎందుకంటే ఆ మాట నేనూ అన్నాను, తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు కోళ్ళ సంగతి.

కోళ్ళు పొడుచుకుంటాయన్నది నిజమే. వాటిలో పెద్దా చిన్నా వరస ఉంటుందన్నదీ నిజమే. ఈ సంగతిని మొదట శాస్త్రంగా రాసింది నార్వే దేశస్థుడు, షెల్డెరప్-ఎబ్బే. ఆయన చిన్నతనం నుంచీ ఇంటి కోళ్ళను చూస్తూ, ఏది దేన్ని పొడిచింది, ఏది ఎవరికి తప్పుకుంది అని నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. 1920ల మొదట్లో అచ్చు వేశాడు. ఈ రోజు ఆఫీసుల గురించి, రాజకీయాల గురించి ఇంగ్లీషులో "పెకింగ్ ఆర్డర్" అంటారే, ఆ మాటకు మూలం ఆయన పెరట్లో కోళ్ళే. చిత్రమేమిటంటే ఆయన చూసిన వరస అన్నిసార్లూ తిన్నగా లేదు. ఒక పెట్ట రెండోదాన్ని పొడుస్తుంది, రెండోది మూడోదాన్ని పొడుస్తుంది, ఆ మూడోది తిరిగి మొదటిదాన్నే పొడుస్తుంది! ఇలాంటి గుండ్రటి వరసలు కూడా ఆయన రాశాడు. "వరస ప్రకృతి" అనేవాళ్ళు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు.

ఇంకో సంగతి. ఆ వరస ఉన్నది పొడుచుకోవడానికి కాదు, పొడుచుకోవడం తగ్గడానికి. ఒకసారి ఎవరి చోటు వాళ్ళకి తెలిశాక పెట్టలు ఒకదాన్నొకటి ముఖం చూసి గుర్తుపడతాయి, కొంచెం తల ఎత్తితే చాలు రెండోది పక్కకి జరుగుతుంది. రక్తం రాదు. మాటిమాటికీ కొత్తవాటిని తెచ్చి, పాతవాటిని తీసేసే మందలోనే గొడవలెక్కువ. మా ఇంట్లో ఏడెనిమిది పెట్టలు తిరిగేవి. నెలలు గడిచినా ఒక్కదాని జుట్టు మీద కూడా గాయం కనపడేది కాదు.

మరి కొత్త పెట్టను తెస్తే? ఇక్కడే మా అమ్మ చదువు కనపడుతుంది. ఒకసారి మా మేనత్త రెండు కుర్రపెట్టల్ని ఇచ్చింది. ఇంకా గుడ్డుకు రానివి. జుట్టు అప్పుడప్పుడే ఎరుపెక్కుతోంది. నేను ఉత్సాహం కొద్దీ మిట్టమధ్యాహ్నం వాటిని తెచ్చి గింజలు చల్లే చోట, మంద నడుమ దింపాను. క్షణంలో అన్నీ మీదపడ్డాయి. ఒకటి గోడ మీదికి ఎగిరింది, ఒకటి కట్టెలమోపు కిందకి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. అమ్మ పొలం నుంచి వచ్చి నన్ను తిట్టింది. "ఏందిరా అయ్యా, కూడు పెట్టే చోటనా కొత్తదాన్ని దింపేది? ఆకలి మీదున్నప్పుడు మనుషులే ఊరుకోరు" అంది.

తర్వాత ఆమె చేసింది చూడండి. రెండింటినీ ఒకే గంప కింద పెట్టి, గంపని పెరటి మధ్యలో ఉంచింది. పాతవి చుట్టూ తిరుగుతాయి, చూస్తాయి, గంప సందుల్లోంచి ఒకటి రెండు పోట్లు వేస్తాయి, పోతాయి. లోపలివి కూడా వాటిని చూస్తాయి. అలా వారం రోజులు. ఆ తర్వాత ఒక రాత్రి, కోళ్ళన్నీ గూట్లో కునుకు తీసే వేళకు వాటిని చప్పుడు చేయకుండా తీసుకెళ్ళి మిగతావాటి పక్కన కూర్చోబెట్టింది. చీకట్లో కోడికి చూపు ఆనదు, కొట్లాటకు దిగదు. తెల్లారి గూడు తలుపు తీస్తే అన్నీ కలిసే బయటికొచ్చాయి. అసలు పొడవలేదని అనను. మూడు నాలుగు రోజులు అక్కడొక పోటు, ఇక్కడొక పోటు. కానీ అమ్మ ఆ రోజుల్లో గింజలు ఒకచోట చల్లలేదు, పెరడంతా జల్లింది. నీళ్ళ చిప్పలు రెండు పెట్టింది. ఒక చిప్ప దగ్గర పెద్దపెట్ట కాపు కాస్తే చిన్నవి రెండోదాని దగ్గర తాగేవి. ఒక పెట్టను ఒంటరిగా ఎప్పుడూ తేవద్దని కూడా చెప్పింది. జతగా ఉంటే పోట్లు పంచుకుంటాయంట.

ఇప్పుడు చెప్పండి. పొడవడం కోడి గుణమే అయినా, ఎంత పొడవాలన్నది మనం గింజలు చల్లే పద్ధతిలో లేదా?

కుర్రపెట్టల గుణం గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే అవంటే నాకు ఇష్టం. ఆరు నెలలు వచ్చేదాకా అవి దేనికైనా బెదురుతాయి. ఆకు రాలినా పరుగే. గుడ్డుకు వచ్చే ముందు మాత్రం ఒక్కసారిగా మారిపోతాయి. మూలమూలా వెతుకుతాయి, బియ్యం డబ్బా వెనక, చింకి గోనెసంచి మీద, ఒకసారి నా పుస్తకాలున్న అట్టపెట్టెలో కూడా కూర్చుని చూశాయి. వీపు మీద చేయి వేస్తే పారిపోకుండా రెక్కలు కొంచెం విప్పి ఒదిగి కూర్చుంటాయి. అది చూస్తే అమ్మ "ఇంక వారం పది రోజులు" అనేది. తొలి గుడ్డు చిన్నది, ఒక్కోసారి లోపల పచ్చసొన కూడా ఉండదు. అది పెట్టాక ఆ అరుపు మాత్రం ఊరంతా వినాలి! గుడ్డుకు వచ్చిన పెట్టకు మందలో కూడా ధైర్యం వస్తుంది, నిన్నటిదాకా తప్పుకున్న చోట ఇవాళ నిలబడి చూస్తుంది. ఆ మార్పు రావడానికి దానికి కావలసింది కొన్ని వారాలు తిండి, కొంచెం చాటు. అంతే. తొలి వారాల్లోనే మిగతావి దాన్ని గింజల దగ్గరికి రానీయకపోతే బక్కచిక్కిపోతుంది, గుడ్డుకు రావడం కూడా వెనకబడుతుంది.

ఈ గుడ్ల డబ్బే నా ఇంటర్ పరీక్ష ఫీజు. నాన్న కూలి డబ్బు ఇంటికి పోయేది, మిరపకాయల కోతల్లో అమ్మకి వచ్చింది అప్పుకి పోయేది. కోళ్ళ మీద వచ్చింది మాత్రం అమ్మ చెంగున ఉండేది. మన సంచిక చదివే చాలామంది ఇళ్ళల్లో ఇదే లెక్క అనుకుంటాను.

ఇక పుంజు. పుంజు అనగానే పొగరు అంటాం. హాస్టల్లో కూడా పెత్తనం చేసే అన్నను "పుంజు" అనేవాళ్ళం. మెచ్చుకోలుగానే అనేవాళ్ళం. నా మనవి ఏమిటంటే, ఆ పోలిక పుంజుకే అవమానం. మా ఇంట్లో ఒక కాకిడేగ పుంజు ఉండేది. దానికి ఒక పురుగు దొరికితే తినేది కాదు. నోట కరుచుకుని, కింద పడేసి, మళ్ళీ కరుచుకుని "టుక్ టుక్ టుక్" అని పిలిచేది. పెట్టలు పరుగెత్తుకొచ్చి తినేవి. అది తల వంచి చూస్తూ నిలబడేది. ఇది పెట్టను మచ్చిక చేసుకునే ఉపాయమే, నేను కాదనను. కొన్ని పుంజులు ఏమీ దొరకకపోయినా ఉత్తుత్తిగా పిలుస్తాయి కూడా. అలా అబద్ధం ఆడే పుంజు పిలుపుని కొన్నాళ్ళకు పెట్టలు లెక్కచేయడం మానేస్తాయని పరిశోధకులు చూశారు. (మన ఊళ్ళల్లో ఓట్లప్పుడు పెట్టలకున్న తెలివి మనకెందుకు ఉండదో!)

గద్ద నీడ పడితే ఒక రకం కూత, పిల్లి గానీ కుక్క గానీ వస్తే ఇంకో రకం కూత. గద్ద కూత వినగానే పెట్టలు కట్టెల కిందికి దూరతాయి, కుక్క కూత వింటే తల ఎత్తి చూస్తాయి. రెండూ వేరువేరు మాటలని శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. పక్కన పెట్టలు లేనప్పుడు పుంజు గద్దను చూసినా ఎక్కువసార్లు కూయదంట. అంటే అది భయంతో వచ్చే అరుపు మాత్రమే కాదు, ఎవరికోసమో చెప్పే మాట. పెట్టలు రెండు కొట్లాడుకుంటే మా పుంజు మధ్యలో దూరి నిలబడడం నేను ఎన్నిసార్లు చూశానో. తెల్లవారుజామున కూతకు కూడా వరస ఉంటుందని జపాన్‌లో 2015లో కనిపెట్టారు. పెద్ద పుంజు ముందు కూస్తుంది, మిగతావి వాటి వరసలో తర్వాత. అంటే పెద్దరికానికి దక్కింది ముందు లేవడం. మనలో పెద్దరికం వచ్చినవాడు ఆఖరున లేచి, అందరికంటే ముందు కొళాయి దగ్గరికి పోతాడు.

అయితే పుంజుల్లో మనుషుల మీదికి ఎగిరేవి ఉండవా? ఉంటాయి. నా మోకాలి కింద మచ్చ ఉంది. దాని కథ కూడా చెప్పాలి. ఆ పుంజును నేనే పెంచాను, పిల్లగా ఉన్నప్పుడు తల్లి లేకపోతే చొక్కాలో వేసుకుని తిరిగాను, నోటితో నూకలు పెట్టాను. ఆరు నెలలకు గిత్తలా తయారై నన్నే తన్నింది. అమ్మ అంది: "దానికి నువ్వు మనిషివని ఎక్కడ తెలుసు? తోటిపుంజువనుకుంది." చేతుల్లో పెరిగిన పుంజుకు మనిషంటే బెదురు పోతుంది, పెద్ద పుంజుల దగ్గర పెరగకపోతే మర్యాద తెలియదు. పెట్టల దగ్గర కూడా అంతే. పిలిచి, రెక్క దించి, చుట్టూ తిరగడం తెలియదు, ఎగిరి జుట్టు పట్టుకోవడమే. పెద్ద పుంజు ఉన్న పెరట్లో అలాంటి కుర్రపుంజుకు రెండు రోజుల్లో బుద్ధి వస్తుంది. నేను కోపంతో దాన్ని కర్రతో కొట్టాను. మరింత ఎగబడింది. కొట్టినకొద్దీ దానికి అది పోరు కింద లెక్క. గంప అడ్డం పట్టుకుని, పారిపోకుండా, కొట్టకుండా నిలబడితే నాలుగు రోజులకు మానేసింది.

మాది పల్నాడు. కోడి మాట వస్తే మా వైపు నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి కోడిపోరు చెప్పకుండా ఉండరు. ఆ పందెంలో ఓడి బ్రహ్మనాయుడి వర్గం రాజ్యం విడిచి పోయిందని, దాంతో యుద్ధం వచ్చిందని కథ. కారంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. కానీ దానికి ముందు రోజు మందపోరు, ఆ రోజు చాపకూడు పెడతారు. కులం చూడకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. ఒకే ఉత్సవంలో రెండూ ఉన్నాయి. మనం ఊరూరా సంక్రాంతికి గుర్తుపెట్టుకున్నది కోడిపోరును మాత్రమే!

పందెం పుంజు పౌరుషమంటారు. ఆ పౌరుషం ఎలా తయారవుతుందో చూశాను. కాలికి తాడు కట్టి ఒంటరిగా ఉంచుతారు, పెట్టల్లోకి వదలరు. బాదంపప్పులు పెడతారు, ఈత కొట్టిస్తారు. పెరట్లో రెండు పుంజులు కొట్లాడితే ఓడినది పారిపోతుంది, గెలిచింది రెక్కలు కొట్టి కూస్తుంది, అయిపోయింది. బరిలో పారిపోయే దారి ఉండదు, కాలికి కత్తి ఉంటుంది. జంతువుల్ని పోట్లాటకు రెచ్చగొట్టడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే ఉంది. మా కాకిడేగకు ఒక భోగి ముందు బేరం వచ్చింది. ఇస్తామన్న డబ్బు అమ్మకి నెలరోజుల కూలికంటే ఎక్కువ. నాన్న మెత్తబడ్డాడు. అమ్మ ఒప్పుకోలేదు. "గద్దలొస్తే పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది.

ఆదివారం మన ప్లేట్లోకి వచ్చే బ్రాయిలర్‌కి గుణమంటూ ఏమీ ఉండదు, ఐదారు వారాలకే కోతకు పోతుంది. వరస తెలిసే వయసే రాదు. గుడ్ల ఫారాల్లో పెట్టలకు ఆ వయసు వస్తుంది. చిన్న జాలీలో నాలుగైదింటిని కుక్కితే ఒకదాన్నొకటి పీక్కుంటాయి. దానికి ఫారాల్లో చేసేది చోటు పెంచడం కాదు, వేడి బ్లేడుతో ముక్కు కొస కత్తిరించడం. పొడిచినా గాయాలు తగ్గుతాయి. నెప్పి మాత్రం ముక్కులో ఉంటుంది. హాస్టల్లో గొడవ జరిగితే రెండు దెబ్బలు వేసి అందర్నీ నోరు మూయించే పద్ధతి చూసినప్పుడల్లా నాకు ఆ ముక్కు కోతే గుర్తొస్తుంది.

ఇప్పుడు నా సంగతి. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నన్నూ పొడిచారు. నా ట్రంకుపెట్టెలో అమ్మ పెట్టిన వేరుశనగ ఉండలు మొదటి రాత్రే పోయాయి. అన్నల బట్టలు ఉతికాను. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదికి వచ్చేసరికి నేనే అన్నను. దసరా సెలవుల తర్వాత ఏడో తరగతిలోకి ఒక పిల్లాడు వచ్చాడు. ఏడాది మధ్యలో, ఒక్కడే. అంటే నేను మిట్టమధ్యాహ్నం మంద నడుమ దింపిన పెట్టలాగే, దానికైనా ఒక జత ఉంది. వాడికి నత్తి. నేనే వాడికి పేరు పెట్టాను. అది ఇక్కడ రాయను. అన్నం వరసలో వాణ్ణి రోజూ ఆఖరుకు నెట్టేవాళ్ళం, ఆఖరువాడికి కూర ఉండేది కాదు, చారు నీళ్ళే. "కొత్త కోడి కదరా, పొడుస్తారు, మాకూ అలాగే అయింది" అని నేనే చెప్పాను వాడికి. మూడు వారాలకు వాళ్ళ నాన్న వచ్చి పెట్టె నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళాడు.

నేను ఇంటర్‌లో ఉండగా మిరపకోతల రోజుల్లో మా ఊరి రోడ్డు మీద కూలీల ఆటో ఆగింది. అందులో వాడున్నాడు. నన్ను గుర్తుపట్టి "అన్నా, బాగున్నావా" అన్నాడు. బాగున్నానన్నాను. ఆటో వెళ్ళిపోయింది. ఆ మాట అనడానికి వాడు ఎంతసేపు తడబడ్డాడో నేను చూశాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. నాకు నత్తి లేదు.

నాకూ అలాగే అయింది, నేను తట్టుకున్నాను, వీడూ తట్టుకోవాలి అనేవాళ్ళు మనలో ఉన్నారు. తట్టుకోలేనివాళ్ళు పూర్వ విద్యార్థుల సమావేశానికి రారు గనక వాళ్ళ మాట మనకు వినపడదు. మన ఇళ్ళ నుంచి ఇక్కడికి వచ్చిన ప్రతి పిల్లాడి వెనక ఎవరో ఒక కోడిని అమ్ముకున్న అమ్మ ఉంది. బయట మనల్ని పొడిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. చాపకూడు తిన్నవాళ్ళ వారసులమని సభల్లో చెప్పుకునే మనం, మన మెస్సులో ఆఖరువాడికి చారునీళ్ళు మిగిల్చితే ఎలా?

నేను ప్రిన్సిపాల్ని కాను, అధికారిని కాను. కానీ అమ్మ చేసినవి మనమూ చేయొచ్చు. ఏడాది మధ్యలో వచ్చినవాడికి వచ్చిన రోజే ఒక జత చూడాలి, వాడి తరగతివాడే, వాడి వైపు ఊరివాడైతే మరీ మంచిది. మంచం గది చివర కాకుండా మధ్యలో ఇవ్వాలి. పదో తరగతి అన్నలు వరసలో ముందు నిలబడటానికి బదులు వడ్డించాలి. అన్నం ఒకచోటే కాకుండా రెండు చోట్ల పెట్టాలి. ఇది వార్డెన్ గారితో మాట్లాడాను, అభ్యంతరం లేదన్నారు.

జూన్‌లో హాస్టల్ తెరిచే రోజు నేను వస్తున్నాను. రెండో వరసకు ఇంకో గరిటె కావాలని వంట అక్కను అడిగాను. ఉందంది.